50 హెర్ట్జ్ కరెంటు గ్రాఫ్ వేస్తే ఒక్క అలే వస్తోంది, తప్పు ఎక్కడుంది?

నెల్లూరు_ల్యాబ్
పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ ల్యాబ్ నేనే చూస్తాను. ఈసారి మాన్యువల్‌లో పాత జిరాక్సు బొమ్మలు తీసేసి పైథాన్‌లో కొత్త గ్రాఫులు వేద్దామని కూర్చున్నాను. మొదటి బొమ్మ దగ్గరే ఆగిపోయాను.

ఇంటికి వచ్చే కరెంటే. 230 వోల్టులు, 50 హెర్ట్జ్, శిఖరం దగ్గర 325 వోల్టులు. 325 ఇంటూ సైన్ ఆఫ్ 2 పై 50 టీ అని రాశాను. సున్నా నుంచి 1 సెకను దాకా లిన్‌స్పేస్‌తో (సమాన దూరాల్లో పాయింట్లు ఇచ్చే ఆదేశం) తీసుకుని మ్యాట్‌ప్లాట్‌లిబ్‌కి (పైథాన్‌లో గ్రాఫులు వేసే సాఫ్ట్‌వేర్) ఇచ్చాను. సెకనులో 50 అలలు రావాలి కదా? ఒక్కటంటే ఒక్క అల వచ్చింది. అది వంకరటింకరగా ఉన్నా అనుమానం వచ్చేది. అచ్చు పుస్తకంలో బొమ్మలాగా నున్నగా ఉంది. అందుకే చూసుకోకుండా క్లాసులో ప్రొజెక్టర్ మీద పెట్టేశాను. వెనక బెంచీ అబ్బాయి లేచి "మేడమ్, ఇది 1 హెర్ట్జ్ కదా" అన్నాడు. వాడన్నది నిజమే, నా దగ్గర జవాబు లేదు.

సూత్రం మూడుసార్లు చూసుకున్నాను. డిగ్రీలు, రేడియన్ల గొడవ కూడా కాదు. సోమవారం మళ్లీ అదే బ్యాచ్. టెన్షన్‌గా ఉంది.

కావలి_కుర్రోడు
పాయింట్లు ఎన్ని ఇచ్చారు?

నెల్లూరు_ల్యాబ్
ఏమీ ఇవ్వలేదు. మొదలు, చివర మాత్రమే ఇచ్చాను.

కావలి_కుర్రోడు
అదే సంగతి. మనం చెప్పకపోతే నమ్‌పై (లిన్‌స్పేస్ ఉన్న పైథాన్ లైబ్రరీ) 50 పాయింట్లు తీసుకుంటుంది. 50 అలలకి 50 చుక్కలంటే అలకి ఒక్క చుక్క. అలకి ఒక్క చుక్క పెట్టి ఆకారం తెలియాలంటే ఎట్లా తెలుస్తుంది మేడమ్?

రొయ్యల_గుంట
నేను ఎక్సెల్‌లో వేస్తా. అందులో స్మూత్ లైన్ అని ఒకటి ఉంటుంది, అది పెడితే గీత బాగా వస్తుంది. పైథాన్‌లో కూడా ఉండే ఉంటుంది, అది పెట్టి చూడండి.

ఒంగోలు_లెక్కలు
వద్దన్నా, స్మూత్ జోలికి పోవద్దు. మేడమ్ గీత ఇప్పటికే నున్నగా ఉంది, అసలు బాధే అది. తప్పు చుక్కల్ని ఎంత నున్నగా కలిపినా తప్పు అలే వస్తుంది.

ఒక్క అలే ఎందుకు వచ్చిందో వివరంగా చెబుతా. 50 చుక్కలంటే మధ్యలో ఖాళీలు 49. కాబట్టి ప్రతి చుక్కా 49లో వంతు సెకను తేడాతో పడుతుంది. అంత సేపట్లో 50 హెర్ట్జ్ అల ఒక పూర్తి చుట్టు తిరిగి, ఇంకో 49లో వంతు ముందుకు పోతుంది. సైన్‌కి పూర్తి చుట్టు లెక్కలోకి రాదు, మిగిలిన 49లో వంతే కనిపిస్తుంది. 49 అడుగులు అట్లా వేస్తే సరిగ్గా ఒక చుట్టు పూర్తవుతుంది. మీకు వచ్చిన ఒక్క అల అదే. ఉజ్జాయింపు కాదు, ఆ 50 చుక్కల దగ్గర 50 హెర్ట్జ్ విలువలు, 1 హెర్ట్జ్ విలువలు అక్షరాలా ఒకటే. మీ విద్యార్థి చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్టు.

ఇప్పుడు 50 తీసి 49 పెట్టండి, రెండు అలలు వస్తాయి. 52 పెట్టండి, ఒక్క అలే వస్తుంది కానీ తలకిందులుగా. సినిమాలో బండి చక్రం వెనక్కి తిరిగినట్టు కనిపిస్తుందే, ఆ వెనక్కి తిరగడమే ఇది. దీన్ని ఏలియాసింగ్ అంటారు.

నెల్లూరు_ల్యాబ్
52 పెట్టాను. నిజంగానే తలకిందులుగా వచ్చింది! మూడు రోజులుగా సూత్రంలో తప్పు వెతుకుతున్నాను.

సరే, పాయింట్లు 100 చేసి చూశాను. ఇప్పుడు ఇంకో వింత. రెండు చివరలా సన్నగా, మధ్యలో లావుగా, నిండా గీతలతో చేప ఆకారం వచ్చింది. 101 చేస్తే చేప కూడా పోయింది. పిచ్చి గీతలు మిగిలాయి, అక్షం మీద అంకెలు ఎక్కడో సున్నా దగ్గర కొట్టుకుంటున్నాయి.

రొయ్యల_గుంట
నెల్లూరు మేడమ్ గ్రాఫ్ వేస్తే చేప రాక ఇంకేం వస్తుంది. పులుసుకి సరిపోతుందా?

ఒంగోలు_లెక్కలు
100 చుక్కలకి 99 ఖాళీలు. ఒక్కో ఖాళీలో అల సగం చుట్టు కంటే కొంచెం ఎక్కువ తిరుగుతుంది. అందుకని ఒక చుక్క పైన పడితే తర్వాతది కింద, మళ్లీ పైన. ఆ 'కొంచెం ఎక్కువ' పోగై మధ్యకి వచ్చేసరికి పొట్ట, చివరికి మళ్లీ సున్నా. నిజమైన అల ఎత్తు మొదటి నుంచి చివరి దాకా 325 వోల్టులే, ఎక్కడా సన్నబడదు. చేప అంతా మన చుక్కల పుణ్యం.

101 అయితే ఖాళీ సరిగ్గా 100లో వంతు సెకను. ప్రతి చుక్కా అల సున్నా దాటే చోటే పడుతుంది. అన్నీ సున్నాలే రావాలి. కంప్యూటర్ పై (π) విలువని పూర్తిగా దాచుకోలేదు కాబట్టి వోల్టులో లక్ష కోట్లో వంతు స్థాయిలో చిన్న చిన్న తేడాలు మిగులుతాయి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఆ దుమ్మునే పెద్దది చేసి చూపిస్తుంది. అందుకే అక్షం మీద అంకెలు చదవకుండా ఏ గ్రాఫ్‌నీ నమ్మకూడదు.

పొదిలి_మాస్టారు
జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన వాణ్ణి. ఈ చర్చ చూస్తుంటే మా ఇంటి ముందు ముగ్గు గుర్తొచ్చింది. చుక్కలు పెట్టడం ఒక పని, కలపడం ఇంకో పని. అవే చుక్కలతో పద్మమూ వేయొచ్చు, నక్షత్రమూ వేయొచ్చు. వేసే మనిషికి మనసులో ముగ్గు ముందే ఉంటుంది కాబట్టి తప్పు రాదు. సాఫ్ట్‌వేర్ మనసులో ముగ్గు లేదు. చుక్కలు చూసి పక్క చుక్కకి గీత లాగుతుంది, అంతే.

మేం గ్రాఫ్ పేపర్ మీద వేయించేటప్పుడు ముందు ఆవర్తనం ఎంత, ఎక్కడ సున్నా అవుతుంది, అనంత స్పర్శరేఖలు (వక్రం దగ్గరవుతూ పోయే గీతలు) ఎక్కడ అని రాయించి, ఆ తర్వాతే పట్టిక వేయించేవాళ్లం. ఇప్పుడు పిల్లలు నేరుగా బటన్ నొక్కుతున్నారు. సాఫ్ట్‌వేర్ వచ్చినంత మాత్రాన ఆ మొదటి పని పోలేదమ్మా.

కావలి_కుర్రోడు
మాస్టారూ, అంత కష్టం అక్కర్లేదు. నైక్విస్ట్ 1928లో, షానన్ 1949లో తేల్చేశారు కదా. ఫ్రీక్వెన్సీకి రెండింతల కంటే ఎక్కువ శాంపిళ్లు ఉంటే చాలు. 50 హెర్ట్జ్‌కి సెకనుకి 110 పెట్టుకుంటే సరిపోతుంది.

ఒంగోలు_లెక్కలు
ఇక్కడే చాలామంది పొరపడతారు కుర్రోడా. ఆ సిద్ధాంతం చుక్కల నుంచి అసలు అలని తిరిగి రాబట్టొచ్చు అంటుంది, నిజమే. కానీ ఎట్లా రాబట్టాలో కూడా చెబుతుంది. ప్రతి చుక్క దగ్గరా ఒక సింక్ వక్రం (మధ్యలో శిఖరం, రెండు పక్కలా తగ్గుతూ పోయే అలలు) వేసి అన్నీ కూడాలి. మన ప్లాటింగ్ సాఫ్ట్‌వేర్ ఆ పని చేయదు, తిన్నని గీతలు కలుపుతుంది. 110 పెట్టి చూడు, పొట్టలు పొట్టలుగా వస్తుంది. బొమ్మకి రెండింతలు చాలవు.

తిన్నని గీత వల్ల వచ్చే తప్పు ఎంతో లెక్క కట్టొచ్చు. అలకి చుక్కలు ఎన్ని అన్నదాన్ని వర్గం చేసి, సుమారు 5ని దానితో భాగిస్తే, ఎత్తులో ఎంత వంతు తప్పో వస్తుంది. అలకి 10 చుక్కలైతే నూటికి 5 వంతులు. 20 అయితే నూటికి 1.2, అంటే 325లో 4 వోల్టులు. 40 అయితే 1 వోల్టు. మామూలు 640 బై 480 బొమ్మలో ఆ 1 వోల్టు సుమారు అర పిక్సెలే, కంటికి కనపడదు. నేను ఎప్పుడూ అలకి 40 పెట్టుకుంటా.

కావలి_కుర్రోడు
110 వేశాను. పొట్టలే వచ్చాయి అన్నా, ఒప్పుకుంటున్నా. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్లు రెండింతలు, రెండింతలు అని బట్టీ పట్టాం, గీత ఎట్లా కలుపుతారో ఒక్కరూ చెప్పలేదు.

పెన్నా_ఒడ్డు
చెన్నైలో ఇదే పని మీద ఉంటాను. ఇంకో సంగతి కలుపుతాను. సెకను మొత్తం చూపించాలని పట్టుబట్టకండి మేడమ్. ఆ బొమ్మలో అక్షాల మధ్య వెడల్పు 500 పిక్సెళ్ల లోపే. 50 అలలు ఇరికిస్తే ఒక్కోదానికి 10 పిక్సెళ్లు. గీత మందమే 2 పిక్సెళ్లు. లెక్క సరిగ్గా ఉన్నా కంటికి నీలం పట్టీ కనిపిస్తుంది. 0.1 సెకను తీసుకోండి, 5 అలలు, 201 పాయింట్లు. నిండుగా, స్పష్టంగా వస్తుంది.

సెకను మొత్తం కావాల్సిందే అంటే ఆడియో సాఫ్ట్‌వేర్లు చేసే పని చేయాలి. ప్రతి పిక్సెల్ నిలువులోనూ కనిష్ఠం, గరిష్ఠం తీసుకుని ఆ మధ్యని రంగు నింపాలి.

ఉదయగిరి_చెంచా
మధ్యలో దూరుతున్నాను, క్షమించాలి. నాది ట్యాన్ గొడవ. టెన్త్, ఇంటర్ పిల్లలకి ట్యూషన్ చెబుతాను. ట్యాన్ ఎక్స్ గ్రాఫ్ వేస్తే 90 డిగ్రీల దగ్గర, 270 దగ్గర నిలువు గీతలు వస్తున్నాయి. పిల్లలు ఆ గీత కూడా ట్యాన్‌లో భాగమే అనుకుని పరీక్షలో గీసి వస్తున్నారు. ఇంకా ఘోరం, పాయింట్ల సంఖ్య మార్చిన ప్రతిసారీ నిలువు అక్షం ఒకసారి 100 దాకా, ఒకసారి 600 దాకా పోతోంది.

పెన్నా_ఒడ్డు
ఇదీ ఆ ముగ్గు సంగతే. 90కి ఇటు చుక్క ఎక్కడో పైన, అటు చుక్క ఎక్కడో కింద. పక్క పక్క చుక్కలు కాబట్టి కలిపేసింది. విలువ 10 దాటిన చోటల్లా నాన్ పెట్టండి, అంటే 'ఇది అంకె కాదు' అని. నాన్ ఉన్న చోట మ్యాట్‌ప్లాట్‌లిబ్ గీత తెంపేస్తుంది. తర్వాత నిలువు అక్షాన్ని మైనస్ 6 నుంచి 6కి కట్టేయండి.

కావలి_కుర్రోడు
అంతకంటే సులువు, పక్క చుక్కల మధ్య తేడా మరీ ఎక్కువుంటే అక్కడ నాన్ పెట్టు అని ఒక్క లైన్ రాస్తే అన్ని ప్రమేయాలకీ పనికొస్తుంది.

పొదిలి_మాస్టారు
అన్నింటికీ పనికిరాదు బాబూ. ట్యాన్ హైపర్బోలిక్ ఆఫ్ 1000 ఎక్స్ తీసుకో. సున్నా దగ్గర మైనస్ 1 నుంచి 1కి నిట్టనిలువుగా లేస్తుంది, కానీ అది అవిచ్ఛిన్నమే, ఎక్కడా తెగదు. నీ లైన్ దాన్ని తెంపుతుంది. పూర్ణాంక ప్రమేయం ఉంది, అది నిజంగా తెగాలి. ఎత్తు 1 మాత్రమే కాబట్టి నీ లైన్ దాన్ని వదిలేస్తుంది, మెట్లు ఏటవాలుగా కనిపిస్తాయి. ఏది తెగాలో, ఏది తెగకూడదో చుక్కలు చూసి చెప్పలేం. ప్రమేయం తెలిసిన మనిషే చెప్పాలి.

ఉదయగిరి మిత్రమా, ట్యాన్‌కి ముక్కలు చేసి వేయి. 90 లోపు ఒకటి, 90 నుంచి 270 మధ్య ఒకటి, 270 తర్వాత ఒకటి. అనంత స్పర్శరేఖల్ని విడిగా చుక్కల గీతతో వేరే రంగులో వేయి. పిల్లలకి ఏది వక్రమో, ఏది కాదో అప్పుడు తెలుస్తుంది.

ఉదయగిరి_చెంచా
చేశాను సార్. మూడు ముక్కలు, ఎర్ర చుక్కల గీతలు. చాలా బాగా వచ్చింది. పూర్ణాంక ప్రమేయానికి కూడా ప్లాట్ బదులు స్టెప్ వాడాను, మెట్లు నిలబడ్డాయి. ఇంకొక్కటి అడుగుతాను. సైన్ ఆఫ్ 1 బై ఎక్స్ సున్నా దగ్గర ఎన్ని పాయింట్లు పెట్టినా బాగుపడటం లేదు. లక్ష పెట్టినా శిఖరాలు ఎత్తుపల్లాలుగా ఉన్నాయి.

పొదిలి_మాస్టారు
మంచి ప్రమేయం పట్టుకున్నావు. అవధి లేదు అని చెప్పడానికి నేను ప్రతి ఏడాదీ వాడినది ఇదే. ఎన్ని పెట్టినా ఎందుకు చాలదో చూడు. 0.01 నుంచి 0.02 లోపు సుమారు 8 అలలు ఉంటాయి. 0.001 నుంచి 0.002 లోపు 80. ఇంకో పదో వంతు లోపలికి పోతే 800. సున్నాకి దగ్గరయ్యే కొద్దీ చోటు తగ్గుతుంది, అలలు పెరుగుతాయి, అంతు లేదు. కోటి పెట్టినా సున్నా పక్కన ఓడిపోతావు. శిఖరాలన్నీ 1 ఎత్తే, నీ చుక్కలు వాటి మీద పడక పొట్టిగా కనిపిస్తున్నాయి.

చుక్కలు ఎక్స్ మీద సమానంగా పెట్టకు. 1 బై ఎక్స్‌ని యూ అనుకో. యూని 1 నుంచి 200 దాకా 0.1 చొప్పున సమానంగా తీసుకో, ఒక్కోదానికి ఎక్స్ అంటే 1 బై యూ. రెండు వేల చుక్కల లోపే సరిపోతుంది, ప్రతి అలకీ 60 పైన చుక్కలు పడతాయి, ఏ అలకీ అన్యాయం జరగదు. 0.005 లోపల మిగిలింది గీయడానికి ప్రయత్నించకు. మైనస్ 1 నుంచి 1 దాకా లేత రంగు నింపి, ఇక్కడ అలలు లెక్కలేనన్ని అని పక్కన రాయి. 500 పిక్సెళ్ల బొమ్మలో ఆ పట్టీ రెండున్నర పిక్సెళ్లే.

ఉదయగిరి_చెంచా
లక్ష చుక్కలతో రానిది రెండు వేలతో వచ్చింది! శిఖరాలన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. థాంక్యూ సార్.

కావలి_కుర్రోడు
మరి మ్యాట్‌ల్యాబ్ ఎఫ్‌ప్లాట్, మ్యాథమాటికా ప్లాట్ వాటంతట అవే చుక్కలు పెంచుకుంటాయి కదా? అవి వాడితే ఈ బాధే ఉండదు.

పెన్నా_ఒడ్డు
బాధ తగ్గుతుంది, పోదు. అవి రెండు చుక్కల మధ్య ఇంకో చుక్క వేసి చూస్తాయి. అది తిన్నని గీత మీద పడకపోతే అక్కడ వంపు ఉందని ఇంకా చీలుస్తాయి. మరి సైన్‌ని సున్నా నుంచి 2 పై దాకా తీసుకో. మొదట సున్నా, చివర సున్నా, సరిగ్గా మధ్యలో కూడా సున్నా. 'ఇది తిన్నని గీతే' అని ఆగిపోదా? అందుకే సరిగ్గా మధ్యలో కాకుండా కొంచెం పక్కకి వేయాలి, మొదట్లోనే తగినన్ని చుక్కలతో మొదలుపెట్టాలి. నేను సొంతంగా రాసుకున్నప్పుడు ఈ దెబ్బ తిన్నాను. సన్నటి శిఖరం రెండు చుక్కల మధ్య పడితే ఏ సాఫ్ట్‌వేరూ అది ఉందని కూడా తెలుసుకోలేదు.

ఒకసారి సైన్ ఆఫ్ ఎక్స్ స్క్వేర్ వేయి, సున్నా నుంచి 40 దాకా, 0.1 చొప్పున. 31.4 దగ్గర అల మళ్లీ నిదానించి, అచ్చం సున్నా దగ్గర ఉన్నంత ప్రశాంతంగా కనిపిస్తుంది. నిజానికి అక్కడ యూనిట్‌కి 10 అలలు పరిగెడుతున్నాయి, మన చుక్కలూ యూనిట్‌కి 10.

కొత్తపట్నం_తీరం
ఇదంతా చదివాక నా గ్రాఫ్ మీద అనుమానం వచ్చింది. మా వాగు సముద్రంలో కలిసే చోట రోజూ పొద్దున 6 గంటలకి కర్రతో నీటి ఎత్తు కొలిచి రాశాను, రెండు నెలలు. గ్రాఫ్‌లో 15 రోజులకి ఒక అల చొప్పున చక్కగా వచ్చింది. అమావాస్య, పౌర్ణమి పోటే అనుకున్నాను. అదీ చుక్కల పుణ్యమేనా?

ఒంగోలు_లెక్కలు
రెండూ కలిసిపోయాయి అన్నా. పోటు 12 గంటల 25 నిమిషాలకి ఒకసారి వస్తుంది. రోజుకి దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. నువ్వు ఎప్పుడూ 6 గంటలకే చూస్తావు కాబట్టి ఒక రోజు పోటులో, వారం తర్వాత పాటులో, 15 రోజులకి మళ్లీ పోటులో చూస్తావు. అది మేడమ్‌కి వచ్చిన ఒక్క అల లాంటిదే. అమావాస్య పౌర్ణములకి పోటు పెరగడం కూడా నిజమే, అది కూడా 15 రోజుల్లోపే తిరిగొస్తుంది. రోజుకి ఒక్క కొలతతో ఏది ఎంతో విడదీయలేవు. కనీసం ఒక పక్షం రోజులు గంటకోసారి కొలవాలి.

కొత్తపట్నం_తీరం
రోజుకి ముప్పావు గంట పైనే వెనక్కి పోతుందని మా నాన్న ఎప్పుడూ చెబుతాడు. వల వేసే టైం అట్లానే చూసుకుంటాడు. ఆ మాట గ్రాఫ్‌కి తగిలించుకోలేదు నేను. రాత్రిళ్లు తమ్ముణ్ణి కూర్చోబెట్టి గంటకోసారి రాయిస్తా.

రొయ్యల_గుంట
పులుసు గురించి ఇందాక సరదాగా అన్నా కానీ ఇప్పుడు నా సంగతి చెప్పాలి. గుంటలో ఆక్సిజన్ పొద్దున 6కి, మధ్యాహ్నం 3కి రాసేవాణ్ణి. ఎక్సెల్‌లో స్మూత్ లైన్. ఆక్సిజన్ అంకె ఎప్పుడూ 4 కంటే తగ్గలేదు, గీత అందంగా ఊగేది. ఒక తెల్లవారుజామున 4 గంటలకి కాపలా మనిషి ఫోన్ చేశాడు, రొయ్యలు పైకి తేలుతున్నాయని. ఏరేటర్లు అన్నీ వేసేసరికే కొంత పోయింది. తెల్లారే ముందు ఆక్సిజన్ బాగా పడుతుందని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ గ్రాఫ్‌లో లేదు కదా అని నిద్రపోయాను.

మేడమ్ పాయింట్లు పెంచుకుంటే సరిపోయింది. నా చుక్కలు ఎట్లా పెంచాలి?

ఒంగోలు_లెక్కలు
పోయిన రాత్రుల్ని ఇప్పుడు పెంచలేం అన్నా. సూత్రం ఉంటే ఎన్నిసార్లయినా మళ్లీ లెక్క కట్టొచ్చు, గుంటకి సూత్రం లేదు. ఇక మీదట రాత్రి 12, 2, 4 గంటలకి కూడా రాయించు. గీత తీసేసి ఒట్టి చుక్కలే పెట్టు. ఖాళీగా ఉన్న చోట ఖాళీ కనపడాలి. స్మూత్ మాత్రం తీసేయ్, అది చుక్కల కంటే పైకీ కిందికీ పోయి లేని విలువలు చూపిస్తుంది.

రొయ్యల_గుంట
తీసేశా. 2కి, 4కి అలారం పెట్టుకున్నా.

నెల్లూరు_ల్యాబ్
సోమవారం ల్యాబ్ అయింది. 0.1 సెకను, 201 పాయింట్లు, 5 అలలు చూపించాను. దాని పక్కనే పాత తప్పు బొమ్మ కూడా పెట్టి, ఎందుకు వచ్చిందో పిల్లల్నే కనుక్కోమన్నాను. ఆ వెనక బెంచీ అబ్బాయి బోర్డు మీదికి వచ్చి 49 ఖాళీల లెక్క వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మాన్యువల్‌లో రెండు బొమ్మలూ ఉంచుతున్నాను.

పెన్నా_ఒడ్డు
చాలా సంతోషం. అచ్చుకి ఇచ్చే ముందు ఒక్క పరీక్ష చేయండి. 201 బదులు 997 లాంటి అడ్డదిడ్డం సంఖ్య పెట్టి మళ్లీ వేయండి. బొమ్మ మారితే తప్పు చుక్కలది.

నెల్లూరు_ల్యాబ్
997 పెట్టాను, 613 కూడా పెట్టాను. అవే 5 అలలు, అదే 325.